విద్యుత్ కార్లలో బ్రేకు సమస్యలు

విద్యుత్ కారును ఆపేవి రెండు వ్యవస్థలు: మోటారు ద్వారా జరిగే రీజనరేటివ్ బ్రేకింగ్, అన్ని కార్లలోనూ ఉండే హైడ్రాలిక్ బ్రేకులు. ఈ కార్లకే ప్రత్యేకమైన బ్రేకు ఫిర్యాదులు ప్రధానంగా రెండు చోట్ల పుడతాయి. ఒకటి, ఈ రెండు వ్యవస్థలూ పని చేతులు మార్చుకునే క్షణం. రెండోది, వాడకం తగ్గి హైడ్రాలిక్ బ్రేకులు పాడవడం.

పనిచేసే తీరు

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే మోటారు జనరేటరుగా మారుతుంది. చక్రాల కదలిక నుంచి పుట్టిన కరెంటు ఇన్వర్టర్ మీదుగా బ్యాటరీకి చేరుతుంది, కారు నెమ్మదిస్తుంది. అది చాలనప్పుడు హైడ్రాలిక్ బ్రేకుల ప్యాడ్లు చక్రాల డిస్కులను పట్టుకుంటాయి. ఏ వ్యవస్థ ఎంత పని చేయాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. పెట్రోలు ఇంజనులో దొరికే వాక్యూమ్ ఇక్కడ లేదు కాబట్టి, చాలా మోడళ్లలో కాలి ఒత్తిడిని పెంచే బ్రేకు బూస్టరు కూడా కరెంటుతోనే నడుస్తుంది. తన విద్యుత్ కారు తైకాన్‌లో రోజువారీ బ్రేకింగ్ దాదాపు 90 శాతం డిస్కులతో పని లేకుండానే జరిగిపోతుందని పోర్షే చెబుతోంది.

సాధారణ ఫిర్యాదులు

తుప్పు: ప్యాడ్ల రాపిడి లేని డిస్కుపై తడిగాలికి తుప్పు పొర కడుతుంది. ఉప్పుగాలి తగిలే తీరప్రాంతాల్లో ఇది మరింత త్వరగా పడుతుంది. కీచుమనే చప్పుడు, పెడల్ అదరడం దీని లక్షణాలు. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3, ఐడీ.4 కార్లలో వెనుక చక్రాలకు, తుప్పు బెడద తక్కువగా ఉండే డ్రమ్ము బ్రేకులు అమర్చారు.

రీజనరేషన్ తగ్గడం: బ్యాటరీ నిండుగా ఉన్నా, చలికి బాగా చల్లబడినా అదనపు కరెంటును తీసుకోలేదు. అప్పుడు కాలు తీసినా కారు అలవాటైనంతగా నెమ్మదించదు, బ్రేకులు పోయాయనిపిస్తుంది. తిరుమల కొండపై పూర్తిగా ఛార్జి చేసి ఘాట్ రోడ్డులో కిందికి దిగితే ఇదే పరిస్థితి ఎదురవుతుంది. హైడ్రాలిక్ బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి గానీ భారమంతా వాటిపైనే పడుతుంది.

క్షణకాలం పట్టు తప్పడం: గతుకుల్లోనో తడి రోడ్డుమీదో చక్రం జారితే కంప్యూటర్ రీజనరేషన్‌ను ఆపి పనిని డిస్కులకు అప్పగిస్తుంది. ఆ మార్పులో ఏమాత్రం ఆలస్యమైనా కారు ముందుకు తోసుకుపోయినట్లు తోస్తుంది.

ముఖ్యమైన ఘటనలు

పని చేతులు మారే ఈ సమస్య ముందుగా హైబ్రిడ్ కార్లలోనే పెద్దయెత్తున బయటపడింది. 2010 ఫిబ్రవరిలో టొయోటా, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సాఫ్ట్‌వేర్‌ను సరిచేయడానికి ప్రియస్ సహా సుమారు 4.37 లక్షల హైబ్రిడ్ కార్లను రీకాల్ చేసింది. చలికి బ్రేకు బూస్టరులోని రిలే గడ్డకట్టే ప్రమాదం ఉందని 2016లో నిస్సాన్ అమెరికాలో 46 వేలకు పైగా లీఫ్ విద్యుత్ కార్లను వెనక్కి పిలిచింది. 2018లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పరీక్షలో టెస్లా మోడల్ 3 గంటకు 60 మైళ్ల వేగం నుంచి ఆగడానికి 152 అడుగులు తీసుకుంది. కంపెనీ ఇంటర్నెట్ ద్వారా పంపిన సాఫ్ట్‌వేర్‌తో ఆ దూరం 133 అడుగులకు తగ్గింది. 2024 నాటి పోర్షే తైకాన్ రీకాల్‌కు మాత్రం కారణం పాతకాలపు లోపమే: ముందు బ్రేకు హోసులు పగిలే అవకాశం.

బ్రేకు తొక్కినా వేగం పెరిగిందన్న ఫిర్యాదులూ ఉన్నాయి. టెస్లా కార్లపై వచ్చిన ఇలాంటి ఫిర్యాదులను పరిశీలించిన అమెరికా రహదారి భద్రతా సంస్థ, వాహనంలో లోపమేదీ కనబడలేదనీ, ఒక పెడల్‌కు బదులు మరొకటి తొక్కడమే కారణమనీ 2021 జనవరిలో తేల్చింది. అవసరం లేకపోయినా కారు తనంతట తానే బ్రేకు వేస్తోందన్న ఫిర్యాదులు 354 రావడంతో, 2022 ఫిబ్రవరిలో అదే సంస్థ సుమారు 4.16 లక్షల టెస్లా కార్లపై విచారణ మొదలుపెట్టింది.

బ్రేకు దీపాలు

పెడల్ తొక్కకుండానే కారు నెమ్మదిస్తే వెనుక వచ్చేవారికి ఆ సంగతి తెలియాలి. కాలు తీయగానే మొదలయ్యే రీజనరేషన్‌లో వేగం తగ్గే రేటు సెకనుకు సెకనుకు 1.3 మీటర్లు దాటితే బ్రేకు దీపాలు వెలిగి తీరాలని ఐక్యరాజ్యసమితి 13-హెచ్ నిబంధన చెబుతోంది.

నిర్వహణ

వెనుక వాహనాలు లేని చోట, రీజనరేషన్‌ను కనిష్ఠ స్థాయికి తగ్గించి అప్పుడప్పుడూ కాస్త గట్టిగా బ్రేకు వేస్తే పలుచని తుప్పు పొర రాలిపోతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, కారు తక్కువగా తిరిగినా తయారీదారు చెప్పిన గడువుకు దాన్ని మార్చాలి. ప్యాడ్లదీ అదే దారి: తైకాన్ ప్యాడ్లను అరుగుదలతో నిమిత్తం లేకుండా ఆరేళ్లకోసారి మార్చాలని పోర్షే సూచిస్తోంది.