వంగే బాణమే సూటిగా పోతుంది

సూటిగా పోవాలంటే బాణం వంగకూడదని మొన్నటిదాకా నేనూ అనుకున్నా. ఇంజనీరింగ్ చదివిన బుర్ర కదా!

పాతకాలపు వింట్లో బాణం బద్దకి ఓ పక్కన ఆనుకుని ఉంటుంది. నారి వదిలితే పక్కకి పోవాలి. కానీ గురికే పోతుంది! 1913లో రెండ్‌టార్ఫ్ అనే ఆయన దీన్ని 'ఆర్చర్స్ పారడాక్స్' అన్నాడు. గుట్టు 1930లలో బయటపడింది. బెల్ ల్యాబ్స్ ఉద్యోగి క్లారెన్స్ హిక్‌మన్ హైస్పీడ్ కెమెరాతో తీస్తే, బాణం పాములా మెలికలు తిరుగుతూ బద్దని తప్పించుకుపోతోంది.

అంటే, కాడ వంపు వింటి బలానికి కుదరాలి. కుడిచేతివాటం వాళ్ళకి కాడ మరీ బిర్రుగా ఉంటే బాణం ఎడమకీ, మరీ మెత్తగా ఉంటే కుడికీ పోతుంది. అమెరికన్ల కొలత ఇదీ: 26 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద కాడ పెట్టి, నడుమ 2 పౌన్ల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం వంగితే, 26ని 0.5తో భాగించి, 52 పౌన్ల వింటికి తగినదని లెక్క. కాడ పొడవు, ములికి బరువు మారితే ఈ లెక్కా మారుతుంది.

కెమెరా రాకముందు కూడా విలుకాళ్ళు గురి కొట్టారు. కారణం తెలీకపోయినా ఏ కాడ పనికొస్తుందో చేతికి తెలుసు. డిగ్రీ లేదని ఓ సీనియర్ మాటని నేనొకసారి తీసిపారేశాను. చివరికి ఆయన చెప్పిందే నిజమైంది. ఆయనకి సారీ చెప్పడం ఇంకా బాకీ.