మూర్ మార్కెట్టు: పాతసరుకు చరిత్ర

వేలము అను మాట అచ్చతెలుగు మాటవలెనే మనకు తోచును. చెఱువులో చేపలు, దేవాలయపు మాన్యముల కౌలు, వినాయకచవితి లడ్డు, అన్నియు వేలములోనే పోవుచున్నవి గదా! అయినను ఆ మాట ఓడలమీద వచ్చినది. పోర్చుగీసువారి ‘లెయిలాఁవ్’ హిందీలో నీలామై, తమిళమున ఏలమై, మన నోట వేలమైనది.

చెన్నపట్టణమున ఆ పద్ధతిని నాటుకొనజేసినవారు ఆంగ్లేయులు. సెయింట్ జార్జి కోటలో కొలువునకు వచ్చిన కుంపిణీ ఉద్యోగులలో తిరిగి ఇల్లు చేరనివారు ఎందఱో. దొర కన్నుమూసిన పిమ్మట అతని సామానునకు పట్టీ వ్రాసి, నలుగురిలో పాట పెట్టి అమ్మెడివారు. సొమ్ము వారసులకు చేరును. విగ్గు, కుర్చీ, వెండి చెంచా, పుస్తకము, దేనికిని దాపఱికము లేదు. సీమకు మరలిపోవువారును అట్లే చేసిరి. నెలల తరబడి సాగు ఓడప్రయాణమున బీరువాలు మోసికొనిపోవుటకంటె అమ్ముకొని పోవుటయే సుఖము గదా.

మన యిండ్ల తీరు వేఱు. ఇంటిసామాను అమ్ముకొన్నాడనిన చితికిపోయినాడనియే లోకము చెప్పుకొనును. కావున మనవారు పాతవస్తువును పెరటిగుమ్మమున పాతకాగితాలవానికో, స్టీలుసామానులవానికో అప్పగించి తలుపు వేసికొందురు. జరీచీర గిన్నెయగును, తండ్రిగారి గ్రంథములు తూకమునకు పోవును. అమ్మినదెవరో కొన్నవారికి తెలియదు. ఈ గుట్టు వ్యాపారపు సరుకునకు చెన్నపట్టణమున దొరికిన చోటు మూర్ మార్కెట్టు.

బ్రాడ్వేలోని పాప్‌హామ్ మార్కెట్టు ఇఱుకై అశుభ్రమైనందున నగరపాలక సంఘమువారు దానికి బదులుగా దీనిని కట్టించిరి. సంఘాధ్యక్షుడు సర్ జార్జి మూర్ 1898లో పునాదిరాయి వేసెను. 1900లో అంగడి తెఱువబడెను. సెంట్రల్ స్టేషను ప్రక్కను ఎఱ్ఱని కట్టడము, చుట్టును వసారాలు. కూరగాయలు, మాంసము, చేపలు అమ్ముటకు దానిని ఉద్దేశించిరి. పేరు మాత్రము పాతసరుకువలన వచ్చినది. గ్రామఫోను రికార్డులు, గడియారములు, బొమ్మలు, అన్నింటిని మించి పుస్తకములు.

అచ్చట బేరము ఒక విద్య. కోరిన పుస్తకము కంటబడినను చూడనట్లుండి ప్రక్కదాని ధర అడుగవలెను. లేకున్న మన కన్నులలోని ఆత్రము కనిపెట్టి వర్తకుడు ధర పెంచును. విద్యార్థి అచ్చట పాఠ్యగ్రంథము కొని, పరీక్ష కాగానే అచ్చటనే తక్కువకు అమ్మివేసెడివాడు. దొంగసొత్తును అందు కలియుచుండెనని అపవాదు కలదు. అది పూర్తిగా అబద్ధమని మేము వాదింపము.

1953వఱకు ఆంధ్రజిల్లాలకును చెన్నపట్టణమే రాజధాని. వావిళ్లవారి ముద్రణాలయము, 1914లో బొంబాయినుండి తరలివచ్చిన ఆంధ్రపత్రిక, 1924లో పుట్టిన భారతి, అన్నియు అచ్చటివే. తెలుగు పండితులు, న్యాయవాదులు, అధ్యాపకులు అచ్చట కాపురముండిరి. ఇంటి పెద్ద గతించిన పిమ్మట పిల్లలకు అక్కఱలేని సంపుటములు తూకమునకు పోయి వసారా చేరును. అచ్చువేసినవారియొద్దనే ప్రతి మిగులని పుస్తకము అదృష్టము బాగున్న పరిశోధకునకు అణాలకే దొరకెడిది. మొదటిపుటపై సంతకము, తేది, అంచులలో పెన్సిలు గుర్తులు: ఆ పెద్దమనుష్యుని చదువునకు మిగిలిన సాక్ష్యము తఱచుగా అంతియే.

1985 మే 30న ఆ అంగడి కాలిపోయినది. రైల్వే విస్తరణకు ఆ స్థలము కావలసియున్న దినములవి. క్రొత్తబట్టల దుకాణము కాలినచో నష్టమును లెక్కకట్టవచ్చును. పాతపుస్తకముల దుకాణము కాలినచో ఏమేమి పోయినవో చెప్పుటకు జాబితా యెక్కడిది? ఆనాటి దొరల సామాను పట్టీలు దస్తావేజులలో నిలిచియున్నవి. పెరటిగుమ్మమున పోయిన మన గ్రంథములకు పట్టీయే లేదు.

వర్తకులలో పలువురు దాపుననున్న లిల్లీ పాండ్ సముదాయమునకు తరలిరి. మిగిలిన గోడలను పడగొట్టి ఆ చోట రైల్వేవారు తమ కట్టడములను లేపిరి. లోకల్ రైళ్ల స్టేషనునకు మాత్రము మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అను పేరు నిలిచినది. మన సూళ్లూరుపేటనుండి చెన్నపట్టణము పోవు లోకల్ రైళ్లు అచ్చటనే ఆగును.