ఆ ‘అండ్ సన్స్’ ఎక్కడికి పోయింది?

ఈ మధ్య పాత ఫోటోల ప్రదర్శన పెట్టారంటే వెళ్లాను. ఒక ఫోటోలో వైస్రాయ్ కర్జన్ దొర, దొరసాని నిలబడి ఉన్నారు, కాళ్ల ముందు పులి. 1902, మన నెక్కొండ అడవి. కింద చీటీలో ‘రాజా దీన్ దయాళ్, హైదరాబాద్’ అని రాశారు. ఆ ఫోటో తీసిన కంపెనీ ఊరు మార్చేశారు, పేరు సగానికి కోసేశారు.

ముందు ఊరి సంగతి. దీన్ దయాళ్ పుట్టింది 1844లో, మీరట్ దగ్గరి సర్ధనాలో. రూర్కీలో చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ కొలువు చేస్తూ కెమెరా పట్టాడు. మొదటి స్టూడియో ఇండోర్ వాళ్లదే, కాదనను. కానీ 1886 ప్రాంతంలో దక్కన్ వచ్చాక స్టూడియో తెరిచింది చార్మినార్ పక్కన కాదు, మా లష్కర్‌లో, అంటే సికింద్రాబాద్‌లో. ఆరో నిజాం 1894లో ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చాడు, గొప్పే. అయితే బిరుదుతో కంపెనీ నడవదు. ఇక్కడ కంటోన్మెంట్ ఉంది, పటాలాలు వస్తూపోతూ ఉంటాయి, ప్రతి దొరకూ సీమలో ఇంటికి పంపుకోవడానికి ఓ ఫోటో కావాలి. రోజువారీ బేరం సికింద్రాబాద్‌దే అని నా గట్టి నమ్మకం.

అసలు తగువు పేరు దగ్గర. 1980లో క్లార్క్ వోర్స్‌విక్ తెచ్చిన ‘ప్రిన్స్‌లీ ఇండియా’ పుస్తకం, దీన్ దయాళ్ తీసిన ఫోటోలంటూ 1884–1910 అని కాలం వేసింది. ఆయన పోయింది 1905లో. మరి ఆ తర్వాతి ఐదేళ్లు కెమెరా వెనక ఎవరున్నట్టు?

ఇంకొకటి చూడండి. 1892లో పరదా ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టారు. నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషావిడ. ఆ గడప లోపలికి మగవాడు రావడానికి వీల్లేదు, యజమాని అయినా సరే. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఉన్నారు, పనివాళ్లున్నారు, 1896లో బొంబాయి శాఖ వచ్చింది. దర్బారు, వేట, కరువు పనులు, కోటలు, దేనికి పిలిస్తే దానికి వెళ్లారు. గాజు ప్లేటు మీదే నంబరూ పేరూ రాసి దాచారు. ఎవరు తీసినా ఒకే పేరు మీద బయటికి పంపడమంటే, ఇవాళ మనం ఫోటో ఏజెన్సీ అంటున్నది అదే కదా!

‘అందరికీ పని నేర్పింది ఆయనే, ఆయన పేరు వేస్తే తప్పేంటి’ అంటారు కొందరు. తప్పే. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య నాకొక ఫోటో అట్ట దొరికింది. బొమ్మ వెలిసిపోయి మీసం మాత్రం మిగిలింది. కింది అంచు మీద బొటనవేలు పెట్టి జరిపితే ఒత్తి అచ్చేసిన అక్షరాలు ఇంకా తగులుతున్నాయి: రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్, సికింద్రాబాద్. యజమానే కొడుకులనూ ఊరినీ తన పేరు పక్కన చేర్చుకుంటే, తీసెయ్యడానికి మనమెవరం?

ఆ కంపెనీ గాజు ప్లేట్లు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. భద్రంగా ఉన్నాయి, మంచిదే. ప్లేట్లు ఎటూ వెళ్లిపోయాయి. కనీసం మన గోడల మీది చీటీల్లోనైనా పేరు పూర్తిగా రాద్దాం.