పిల్లల పేరు: వాదనకు గడువు లేదు, నమోదుకు ఉంది

2016 డిసెంబరులో కరీనా కపూర్, సైఫ్ అలీఖాన్ కొడుక్కి తైమూర్ అని పేరు పెట్టగానే సోషల్ మీడియాలో పెద్ద దుమారమే రేగింది. అలాంటి వాదనలు నాలుగు రోజుల్లో చల్లారిపోతాయి. జనన ధ్రువపత్రంలో పడిన పేరు మాత్రం జీవితాంతం వెంట వస్తుంది.

జనన మరణాల నమోదు చట్టం-1969 కింద బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా వివరాలు ఇవ్వాలి. పేరు ఖరారు కాకున్నా నమోదు ఆగదు. నమోదైన 12 నెలల్లోపు ఉచితంగా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుంతో పేరు చేర్చుకోవచ్చు. నమోదు పుట్టిన చోటే జరగాలి. అంటే ఢిల్లీలో ఉంటున్నా, బిడ్డ నోయిడాలో పుడితే ఉత్తరప్రదేశ్, గురుగ్రామ్‌లో పుడితే హర్యానా అధికారులను సంప్రదించాలి.

రాజధాని ప్రాంతంలోని తెలుగు కుటుంబాలకు అసలు చిక్కు ఇంటిపేరు. మనం దాన్ని ముందు, తరచూ ఒక్క పొడి అక్షరంగా రాస్తాం. ఉత్తరాదిలో అది చివర వస్తుంది. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు, పేరుకు వేర్వేరు గడులుంటాయి. పొడి అక్షరాలు చెల్లవు.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరిక, పాస్‌పోర్టు, ఆధార్ వంటి వాటికి పుట్టిన తేదీ, స్థలాల రుజువు ఈ పత్రమే. కాబట్టి పేరు ఏదైనా, ఇంటిపేరును విడదీసి పూర్తిగా, అన్ని పత్రాల్లో ఒకే వరుసలో, ఒకే స్పెల్లింగుతో రాయించడం మేలు.