తెలుగులో సోవియట్ పుస్తకాలు

ప్రచ్ఛన్న యుద్ధకాలంలో సోవియట్ యూనియన్ తెలుగులో అచ్చువేయించి పంపిన కథలు, నవలలు, బాలసాహిత్యం, విజ్ఞాన, రాజకీయ గ్రంథాలు. సాంస్కృతిక దౌత్యం మారుమూల పల్లెదాకా చేరిన ఉదాహరణల్లో ఇదొకటి. ఇలాంటి పలుకుబడికి అమెరికన్ పండితుడు జోసెఫ్ నై 1990లో ‘సాఫ్ట్ పవర్’ అని పేరు పెట్టేనాటికి ఈ పుస్తకాల కథ ముగింపుకొచ్చింది.

నిజానికి రష్యన్ సాహిత్యాన్ని తెలుగువారికి పరిచయం చేసింది మాస్కో కాదు. గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు స్వాతంత్ర్యానికి ముందే తెనిగించారు. స్టాలిన్ మరణం (1953), సోవియట్ నేతలు క్రుశ్చేవ్, బుల్గానిన్‌ల భారత పర్యటన (1955) తర్వాత సోవియట్ ప్రభుత్వం, అప్పటికే ఉన్న ఆ అభిరుచికి తగ్గట్టు సరుకు పంపడం మొదలుపెట్టింది. అమెరికా వైపునుంచీ ఇలాంటి ప్రయత్నాలు సాగాయి. ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో మద్రాసులో 1955లో ఏర్పడిన దక్షిణ భాషా పుస్తక సంస్థ తెలుగుతో సహా నాలుగు భాషల్లో చవక పుస్తకాలు తెచ్చింది. ఇళ్ళలో నిలిచినవి మాత్రం ఎక్కువగా మాస్కో పుస్తకాలే.

మాస్కోలోని విదేశీ భాషా ప్రచురణాలయం 1963లో ‘ప్రగతి’గా మారింది. సాహిత్యం, బాలసాహిత్యం కోసం 1982లో దాన్నుంచి ‘రాదుగ’ విడివడింది. అనువాదాలకు తెలుగువాళ్ళనే పిలిపించి కొలువిచ్చారు. వృక్షశాస్త్రవేత్త, ‘అతడు-ఆమె’ నవలాకారుడు ఉప్పల లక్ష్మణరావు అలా వెళ్ళినవారే. రాళ్ళబండి వెంకటేశ్వరరావు (ఆర్వీఆర్) పేరూ ఆనాటి పాఠకులకు బాగా తెలుసు. ఈ అనువాదాల తెలుగు చాలాచోట్ల సాఫీగా నడుస్తుంది. విజయవాడలో 1953లో పుట్టిన విశాలాంధ్ర ప్రచురణాలయం వీటిని తన దుకాణాల్లో అమ్మింది, వ్యానులో ఊళ్ళకూ తిప్పింది. గట్టి అట్ట, రంగుల బొమ్మలు, కొద్ది రూపాయల ధర. ఖర్చులో పెద్ద వాటా సోవియట్ ఖజానా భరించింది కాబట్టే అది సాధ్యమైంది.

దౌత్యవేత్తలు ఆశించిన ఫలితం వేరు, దక్కింది వేరు. ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నటి కాగితం బడిపిల్లల నోటుబుక్కులకు అట్టలైంది. లెనిన్ రచనలు కమ్యూనిస్టు పార్టీ ఆఫీసుల బీరువాలకెక్కాయి. పిల్లలకు నచ్చింది చుకోవ్‌స్కీ ‘నొప్పి డాక్టరు’. పెద్దలకు చేహోవ్, టాల్‌స్టాయ్, ఐత్మాతోవ్. టాల్‌స్టాయ్, చేహోవ్ విప్లవానికి ముందటివాళ్ళు. సోవియట్ వ్యవస్థ గొప్పను చాటడానికి వాళ్ళు పెద్దగా పనికిరారు. అయినా రష్యా అంటే ప్రేమ పుట్టించింది ఇలాంటివాళ్ళే.

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక సరఫరా ఆగింది. పాత ప్రతులు సెకండ్‌హ్యాండ్ దుకాణాలకు చేరాయి. తర్వాత సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ సంస్థ వాటిలో పలు పిల్లల కథలను తిరిగి అచ్చువేసింది.