ఎఱ్ఱగా కాలియు మొక్కవోని ఉలి

లేతు యంత్రముపై ఇనుమును కోయు ఉలికి వేడియే ప్రథమ శత్రువు. ఒరపిడి వలన మొన సుమారు 250 డిగ్రీల సెంటీగ్రేడు దాటినచో మామూలు కర్బనపు ఉక్కు మెత్తబడి మొక్కపోవును. 1868లో ఇంగ్లండునందు రాబర్ట్ ముషెట్ ఉక్కులో టంగ్‌స్టన్ కలిపి కొంత మేలు సాధించెను.

ఉక్కును అతిగా కాల్చిన చెడునని నాటి కమ్మరుల నమ్మకము. అమెరికాలోని బెత్లెహామ్ ఉక్కు కర్మాగారమున టేలర్, వైట్ అనువారు 1898 ప్రాంతమున ఈ నమ్మకమును పరీక్షకు పెట్టిరి. టంగ్‌స్టన్, క్రోమియము గల ఉలులను ఇంచుమించు కరగునంతవరకు కాల్చి చల్లార్చిరి. అవి చెడకపోగా, మొన ఎఱ్ఱబడినను కోయుచునే యుండెను. 1900 నాటి పారిస్ ప్రదర్శనమున లోకమీ వింతను చూచెను. హైస్పీడు ఉక్కు చరిత్రకు నాంది ఇదియే.

అయినను అరుగుదల తప్పలేదు. 26 ఏండ్ల ప్రయోగముల ఫలితమును టేలర్ 1906లో ప్రకటించెను. ఆయన ఉలుల ఆయువు కోత వేగము యొక్క ఎనిమిదవ ఘాతమునకు విలోమానుపాతమున నుండెను. అనగా వేగమును నూటికి పది పెంచినచో ఆయువు సగమునకంటె తక్కువగును. విద్యార్థులు 1.1 యొక్క ఎనిమిదవ ఘాతమును గుణించి చూడవచ్చును.

1920లలో జర్మనీనుండి వచ్చిన టంగ్‌స్టన్ కార్బైడు ఉలులు వేగమును మరింత పెంచినవి. ఘాతము మారినది గాని, వేగము హెచ్చిన ఆయువు తరుగుననెడి నియమము మారలేదు.