అవధాని చేతిలో ఆత్మకథ: వేలూరి శివరామశాస్త్రి అనువాదకృషి – ఒక పరిశీలన

1. ప్రవేశిక

తెలుగు సాహిత్యచరిత్రలో వేలూరి శివరామశాస్త్రి (1892–1967) ప్రధానంగా రెండుచోట్ల కనిపిస్తారు. అవధాన ప్రకరణంలో ఆయన శతావధాని, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి శిష్యుడు. కథానికా ప్రకరణంలో ‘డిప్రెషన్ చెంబు’ రచయిత. గాంధీ గుజరాతీలో రాసిన ఆత్మకథను తెలుగు చేసిన అనువాదకుడిగా మాత్రం ఆయన ప్రస్తావన తరచు ఒక్క వాక్యంతో ముగుస్తుంది. ఆ అనువాదం ఆయన సాహిత్యజీవితంలో అనుబంధం కాదనీ, పండితుడు సరళవచనం వైపు నడిచిన మార్గంలో కీలకమైన మజిలీ అనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నేపథ్యం

శాస్త్రిగారిది కృష్ణాజిల్లా చిరివాడ. ఆయన యౌవనకాలంలో ఈ డెల్టా జాతీయోద్యమానికి పట్టుగొమ్మ. బందరులో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ఏర్పడింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ సంఘ సమావేశం తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు లక్ష్యాలుగా ప్రకటించింది. ఆత్మకథ 1925–1929 మధ్య ‘నవజీవన్’ పత్రికలో ధారావాహికంగా వెలువడింది. మహాదేవ్ దేశాయ్ ఆంగ్లానువాదం ‘యంగ్ ఇండియా’లో వచ్చి, 1927, 1929 సంవత్సరాల్లో రెండు సంపుటాలుగా అచ్చయింది. గాంధీని చూసిన, విన్న జనానికి ఆయన జీవితాన్ని సొంత భాషలో చదవాలన్న కోరిక కలగడం సహజం.

3. అవధానం నుంచి వచనానికి

అవధాని శక్తి ధారణలో, సమస్యాపూరణ చమత్కారంలో, ఛందస్సుపై అధికారంలో వ్యక్తమవుతుంది. గాంధీ వచనంలో వీటికి తావులేదు. మోట తోలే రైతుకు కూడా అర్థమయ్యే సాహిత్యం రావాలన్నది గాంధీ ఆశయం. అటువంటి రచనను అనువదించడమంటే పండితుడు తన పాండిత్యాన్ని ప్రదర్శించకుండా నిగ్రహించుకోవడమే. గ్రాంథిక వ్యావహారిక వాదాలు ఇంకా చల్లారని కాలంలో ఇది చిన్న పరీక్ష కాదు. జనం నోట నలిగిన ఆంగ్లపదాన్ని ‘చెంబు’ పక్కన చేర్చి కథకు పేరుపెట్టిన రచయిత ఈ పరీక్షకు అర్హుడే.

4. తత్సమాల చిక్కు

గుజరాతీ, తెలుగు వేర్వేరు భాషాకుటుంబాలవి. అయినా రెండింటిలోనూ సంస్కృతపదాలు విస్తారం. ఇది సౌలభ్యంగా కనిపించే ప్రమాదం. గుజరాతీలో ‘వ్యవసాయ’ అంటే వృత్తి, తెలుగులో సేద్యం. గుజరాతీ వాడుకలో ‘ప్రపంచ’కు కపటం, కుతంత్రం అనే అర్థం బలంగా ఉంది, మనకది లోకం. గ్రంథనామమే మరొక ఉదాహరణ. మూలంలో ‘సత్యనా ప్రయోగో’ అన్న బహువచనం ఉంది. తెలుగులో ఆత్మకథకు స్థిరపడిన పేరు ‘సత్యశోధన’. ‘ప్రయోగాలు’ అన్నప్పుడు తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ సాగే మనిషి కనబడతాడు. ‘శోధన’ అన్నప్పుడు ఒక గమ్యాన్వేషి కనబడతాడు. పేరులోనే పాఠకుడి దృష్టి ఇంత మారితే, గ్రంథమంతటా అనువాదకుని నిర్ణయాల బరువు ఎంతటిదో ఊహించవచ్చు.

5. ముగింపు

మన విశ్వవిద్యాలయాల్లో భారతీయభాషల నుంచి వచ్చిన అనువాదాలను సైతం ఆంగ్లపాఠంతో పోల్చి తూచడం పరిపాటి. ఆత్మకథ విషయంలో ఈ పద్ధతి న్యాయం చేయదు. దేశాయ్ ఆంగ్లం కూడా అనువాదమే. అది మూలానికి ప్రతినిధి కాగలదు గాని మూలం కాలేదు. గుజరాతీ, ఆంగ్ల, తెలుగు పాఠాలను పక్కపక్కన ఉంచి ప్రకరణాలవారీగా పరిశీలించే పరిశోధనకు శాస్త్రిగారి అనువాదం తగిన క్షేత్రం. అది జరిగినప్పుడే అవధాని, కథకుడు, అనువాదకుడు అనే మూడు ప్రకరణాల్లోని శివరామశాస్త్రి ఒకే రచయితగా మనకు అందుతారు.